సెకండ్ హ్యాండ్ హైబ్రిడ్ కారు కొంటున్నారా? బ్యాటరీతో పాటు ఇంజిన్‌నూ పరీక్షించండి

విశాఖపట్నంలో సెకండ్ హ్యాండ్ హైబ్రిడ్ కారు చూడడానికి వెళ్లేవారు చాలావరకు ముందుగా అడిగేది బ్యాటరీ గురించే. ఆ భయంలో తప్పు లేదు. అయితే టయోటా, మారుతి, హోండా సంస్థలు 2022 నుంచి మన దేశంలో అమ్మిన స్ట్రాంగ్ హైబ్రిడ్ (కొంత దూరం మోటారుతోనే నడవగల) కార్ల బ్యాటరీకి 8 సంవత్సరాలు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంటుంది. ఇంజిన్ వారంటీ మాత్రం, యజమాని అదనంగా డబ్బు కట్టి పొడిగించుకుంటే తప్ప, అంతకంటే ఎంతో ముందే ముగిసిపోతుంది. అందువల్ల 2022లో మార్కెట్లోకి వచ్చిన హైరైడర్, గ్రాండ్ విటారా, సిటీ హైబ్రిడ్ వంటి కార్లు చేతులు మారుతున్న ఈ సమయంలో, కొనేవారు జాగ్రత్తగా చూసుకోవలసింది ముందు ఇంజిన్‌నే అని నా అభిప్రాయం.

మొదట ఆ కారు ఏ రకం హైబ్రిడ్డో తేల్చుకోండి. 2015 నుంచి వచ్చిన సియాజ్, ఎర్టిగా కార్ల మీద కూడా హైబ్రిడ్ అన్న గుర్తు కనిపిస్తుంది కానీ, అవి మైల్డ్ హైబ్రిడ్‌లు. మోటారు ఇంజిన్‌కు కొద్దిగా సాయం చేస్తుందే తప్ప సొంతంగా కారును నడపలేదు. వాటి ఇంజిన్‌ను మామూలు కారు ఇంజిన్‌ను చూసినట్టే చూస్తే సరిపోతుంది. ఇక్కడ చెప్పేదంతా స్ట్రాంగ్ హైబ్రిడ్‌ల గురించి.

వీటిలో ఓడోమీటర్ చూసి ఇంజిన్ వయసును అంచనా వేయలేము, ఎందుకంటే అందులో మోటారు మీద నడిచిన కిలోమీటర్లు కూడా కలిసి ఉంటాయి. అలాగని తక్కువ తిరిగిన కారు ఇంజిన్ మంచి స్థితిలో ఉంటుందన్న హామీ కూడా లేదు. ఎంవీపీ కాలనీ నుంచి సిరిపురం దాకా రోజూ రెండు పూటలా మాత్రమే తిరిగే కారులో ఇంజిన్ కాసేపు పనిచేసి ఆగిపోతుంది, మళ్లీ చల్లబడుతుంది, మళ్లీ అంటుకుంటుంది; పూర్తిగా వేడెక్కే అవకాశమే దానికి దొరకదు. అలాంటప్పుడు కాలని పెట్రోలు, తేమ ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తూ ఆయిల్‌ను పలచబరుస్తాయి. దీనికి తోడు, సంవత్సరం దాటినా 10,000 కిలోమీటర్లు ఇంకా పూర్తి కాలేదని యజమాని ఆయిల్ మార్చకుండా వదిలేస్తే, తక్కువ తిరిగిన ఆ కారే ఎక్కువ అరిగిన కారు అవుతుంది. విజయవాడకు నెలనెలా జాతీయ రహదారి మీద వెళ్లివస్తూ 80,000 కిలోమీటర్లు తిరిగి, ప్రతి సర్వీసూ వేళకు చేయించిన కారును నేను దానికంటే ముందు ఎంచుకుంటాను. సర్వీస్ రికార్డులో కిలోమీటర్ల కంటే ముందు తేదీలు చూడండి. రెండు ఆయిల్ మార్పుల మధ్య ఏడాదికి మించిన వ్యవధి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. మాన్యువల్‌లో చెప్పిన పలచని గ్రేడు ఆయిలే పోశారా, లేక బయటి షెడ్డులో చేతికందినది పోశారా అన్నది బిల్లుల్లో తెలుస్తుంది.

తరువాత డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం కొలిచే కడ్డీ) తీసి తెల్లటి గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీయండి. ఆయిల్ నల్లగా ఉన్నంత మాత్రాన కంగారు పడనక్కరలేదు. మట్టం గరిష్ఠ గుర్తు దాటి ఉండి, ముక్కు దగ్గర పెట్టుకుంటే పెట్రోలు వాసన ఘాటుగా కొడితే అది చిన్న ప్రయాణాల ఫలితం కావచ్చు. ఆయిల్ పోసే మూత లోపల పాలు కలిపిన కాఫీ రంగులో జిగురు కనిపిస్తే అది తేమ కావచ్చు, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) లీకు కూడా కావచ్చు. ఏదన్నది తేలేదాకా బేరం మొదలుపెట్టవద్దు.

అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష ఉదయం చేయవలసింది. రాత్రంతా కదలకుండా ఉన్న కారునే చూడాలని అమ్మేవారికి ముందుగానే చెప్పండి. మీరు వెళ్లేసరికి బోనెట్ వెచ్చగా ఉంటే మర్యాదగా మరో రోజు వస్తామని చెప్పి వెనక్కి రండి. పవర్ బటన్ నొక్కగానే రెడీ దీపం వెలిగినా ఇంజిన్ అంటుకోకపోవచ్చు. ఏసీ కంప్రెసర్ కరెంటుతో నడుస్తుంది కాబట్టి ఏసీ వేసినంత మాత్రాన కూడా అంటుకోదు. గేరు పార్కింగ్‌లోనే ఉంచి, బ్రేకు మీద కాలు తీయకుండా యాక్సిలరేటర్ నొక్కితే చాలా మోడళ్లలో ఇంజిన్ పని మొదలుపెడుతుంది. ఆ మొదటి క్షణాలను శ్రద్ధగా వినండి. హైరైడర్, గ్రాండ్ విటారా హైబ్రిడ్‌లలో ఉన్నది మూడు సిలిండర్ల ఇంజిన్ కాబట్టి సన్నటి అదురు సహజమే. ఇంజిన్ గట్టిగా కుదిపేసి, కొన్ని క్షణాల తరువాత ఏమీ ఎరగనట్టు సర్దుకుంటే మాత్రం హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ పైభాగానికీ మధ్య ఉండే సీలు) గుండా కూలెంట్ సిలిండర్‌లోకి చేరుతోందని అనుమానించాలి. 2010 ప్రాంతపు మూడో తరం టయోటా ప్రియస్ కార్లలో ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే వ్యవస్థ) మార్గాలు మసితో పూడుకుపోవడం, హెడ్ గ్యాస్కెట్ దెబ్బతినడం అనేక దేశాల్లో కనిపించిన సమస్యలే.

ఇంజిన్ వేడెక్కాక సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కించండి. సాఫీగా ఉండే బీచ్ రోడ్డు మీద మోటారే సగం పని చేసేస్తుంది కాబట్టి అక్కడ ఇంజిన్ లోపం బయటపడదు. ఎత్తు ఎక్కేటప్పుడు దాచుకోలేదు. తెలిసిన వారిని వెనుక బండి మీద రమ్మని సైలెన్సర్ గమనించమనండి: నీలిపొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు, తెల్లపొగ ఎంతకీ తగ్గకపోతే కూలెంట్ కాలుతున్నట్టు. ఎక్కేటప్పుడు ఇంజిన్ రొద కారు వేగంతో పొంతన లేకుండా పెరగడం, దిగేటప్పుడు బ్యాటరీ నిండాక ఇంజిన్ తిరుగుతూ కారును నిలవరించడం ఈ కార్ల సహజ స్వభావమే. కిందికి వచ్చాక, మూతలు తీయకుండానే, కూలెంట్ మట్టం చూడండి. ఇంజిన్‌కు ఒకటి, ఇన్వర్టర్‌కు (బ్యాటరీ కరెంటును మోటారుకు తగినట్టు మార్చే పరికరం) ఒకటి, మొత్తం రెండు కూలెంట్ ట్యాంకులు ఉంటాయి; ఒకదాన్ని చూసి రెండోదనుకోవద్దు. అధిక వోల్టేజి కరెంటు పారే నారింజ రంగు కేబుళ్లను ఎట్టి పరిస్థితుల్లోనూ ముట్టుకోవద్దు.

మన ఊరికి ప్రత్యేకమైనవి దుమ్ము, ఉప్పుగాలి. పోర్టు, మల్కాపురం, జ్ఞానాపురం పరిసరాల్లో ఉన్న కారైతే ఎయిర్ ఫిల్టర్ తీసి తెల్లకాగితం మీద తట్టి చూడండి. నల్లటి పొడి కుప్పగా రాలితే సర్వీసు ఎలా జరిగిందో అర్థమవుతుంది. చాలా మోడళ్లలో వెనుక సీటు దగ్గర బ్యాటరీని చల్లబరిచే గాలి జాలీ ఉంటుంది; అది పూడుకుపోతే బ్యాటరీ వేడెక్కి మోటారు సాయం తగ్గుతుంది, ఆ భారం కూడా ఇంజిన్ మీదే పడుతుంది. సముద్రానికి దగ్గరగా నిలిపి ఉంచిన కారైతే లిఫ్ట్ మీదికెక్కించి సైలెన్సర్ అతుకులు, అల్యూమినియం భాగాల మీద తెల్లటి పొక్కులు చూడాలి.

వరదలో మునిగిన కారు మరింత ప్రమాదకరం. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో ఎన్నో వాహనాలు నీట మునిగాయి. నీటిలో మోటారు మీద మెల్లగా వెళ్తున్నప్పుడు కంప్యూటర్ తనంతట తానే ఇంజిన్‌ను అంటించవచ్చు. ఆ క్షణంలో లోపలికి నీరు లాగితే కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ను పట్టి ఉంచే కడ్డీ) వంగిపోవచ్చు. సీటు బెల్టులు చివరిదాకా లాగి బురద చార చూడండి, కార్పెట్ ఎత్తి సీటు పట్టాల తుప్పు చూడండి, బీమా క్లెయిముల వివరాలు అడగండి.

చివరగా, ఆ కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టించి మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండకపోవడం) లెక్కలు, హైబ్రిడ్ వ్యవస్థ రిపోర్టు కాగితం మీద తీసుకోండి. లోపాల కోడ్‌లు ఏవీ లేకపోయినా కారు కంప్యూటర్ చేసుకునే స్వీయ పరీక్షలు ఇంకా పూర్తి కాలేదని స్కానర్ చూపిస్తే, ఎవరో ఈ మధ్యనే కోడ్‌లు చెరిపేసి ఉండవచ్చు. అలాంటప్పుడు కొన్ని రోజులు నడిచాక మళ్లీ స్కాన్ చేయించమనండి. అడ్వాన్సు ఇవ్వవలసి వస్తే, రిపోర్టులో ఇంజిన్ లోపం తేలితే ఆ మొత్తం పూర్తిగా తిరిగి ఇస్తామని రాయించుకుని, సంతకం అయ్యాకే ఇవ్వండి.