తొమ్మిదో తరగతికి ఒక నెల సంపాదన

ఒక పని చేస్తూ, ఆ సంపాదనతో నెలపాటు ఇల్లు నడపడం ఎలా ఉంటుందో పిల్లలతో ఆడించే ఆట ఇది. 40 మంది పిల్లలు, నాలుగు పీరియడ్లు, ఒక లూడో పాచిక, కాసిన్ని తెల్లకాగితాలు చాలు. ఇద్దరిని ఒక ఇల్లుగా కలిపితే 20 ఇళ్లు. ఒక్కో పీరియడ్ ఒక వారం.

ధరలు వారం ముందే పిల్లలతో తెప్పించాలి: టు-లెట్ బోర్డున్న రెండు గదుల అద్దె, 25 కిలోల బియ్యం బస్తా, గ్యాస్ బండ, బస్ పాస్, కరెంటు బిల్లు. టీచరే అంకెలు ఊహించి వేస్తే "సార్, ఆ అద్దెకి మా వీధిలో ఇల్లు దొరకదు" అంటారు, అది నిజమే అయ్యుంటుంది. వాళ్ల ఇంట్లో సంపాదన ఎంతో మాత్రం అడగకండి.

పని చీటీ తీసి తెలుసుకోవాలి. ఎంచుకోమంటే తరగతంతా సాఫ్ట్‌వేరే. చీటీ మీద ఆదాయంతో పాటు అక్కడికి చేరే దారీ రాయండి: ఎలక్ట్రీషియన్‌కి పదో తరగతి తర్వాత ఐటీఐలో రెండేళ్లు, డిప్లొమాకి పాలిసెట్ (పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష) రాసి మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్‌కి ఇంటర్ తర్వాత నాలుగేళ్లు. ఓ ఆరు చీటీలు ఆటో డ్రైవరు, టైలరు లాంటి నెలజీతం లేని పనులవి కావాలి. అమ్మాయికి ఎలక్ట్రీషియన్ వచ్చిందని చీటీ మార్చొద్దు.

మొదటి వారం పే స్లిప్. గ్రాస్ (కోతలకు ముందు మొత్తం జీతం) 24,000, అందులో బేసిక్ (మూల వేతనం) 12,000 అనుకుందాం. పీఎఫ్ (భవిష్య నిధికి కోసేది) బేసిక్‌లో 12 శాతం, అంటే 1,440. వృత్తి పన్ను 200. చేతికొచ్చేది 22,360. జీతం 15,001 నుంచి 20,000 మధ్యయితే వృత్తి పన్ను 150, ఆ లోపు లేదు. ఈ రేట్లు రెండు తెలుగు రాష్ట్రాలకూ ఒకటే.

ఆటో, టైలరు ఇళ్లకు స్లిప్ ఉండదు. వారానికోసారి పాచిక వేస్తారు. ఒక్కో చుక్కకి ఖర్చులు పోను వెయ్యి. ఎక్కువమంది చేసే పొరపాటు ఇక్కడే: పని తెమిలిపోతుందని నాలుగుసార్లూ ఒకేరోజు వేయించేస్తారు. అప్పుడది కూడా జీతమే అయిపోతుంది. మొదటి వారం ఒకటి పడ్డవాళ్లు అద్దె ఎలా కట్టాలో తేల్చుకోవడమే అసలు పాఠం.

రెండో వారం, మూడో వారం ఇంటికో అనుకోని చీటీ. ఇరవైలో పన్నెండు ఖర్చులు (ఫోన్ స్క్రీన్ పగలడం, పెళ్లి చదివింపులు), నాలుగు రాబడి, నాలుగు ఖాళీ. ఖర్చుల్లో జ్వరం చీటీలు మూడైనా పెట్టండి. నెలజీతం ఇంటికి మందుల ఖర్చే. ఆటో ఇంటికి ఆ వారం పాచిక కూడా లేదు. ఆ తేడా మీరు చెప్పక్కర్లేదు, వెనక బెంచీ నుంచే గొడవ మొదలవుతుంది.

డబ్బు చాలనివాళ్లకు అప్పు ఇవ్వండి, నూటికి రెండ్రూపాయల వడ్డీకి. పిల్లలు దాన్ని ఏడాదికి రెండు శాతం అనుకుంటారు, పెద్దల్లోనూ కొందరు అనుకుంటారు. అది నెలకు. 10,000కి నెలకు 200, ఏడాదికి 2,400. అంటే 24 శాతం, అసలు అలాగే ఉంటుంది. తర్వాత బండి లోను లెక్క వేయించండి: లక్ష రూపాయలు, 12 శాతం, 36 నెలలు. ఫ్లాట్ వడ్డీ (చివరిదాకా మొత్తం లక్ష మీదే వేసేది) అయితే నెలకు 3,778. తగ్గే బాకీ మీద (కట్టింది పోను మిగిలినదానికే వడ్డీ) అయితే 3,321. శాతం ఒకటే, మూడేళ్లలో తేడా 16 వేల పైనే.

నాలుగో వారం, పని మారాలనుకున్న ఇంటిని మారనివ్వండి. కానీ కొత్త చీటీ మీదున్న ఏళ్లపాటు ఆదాయం సున్నా అయితే అద్దె ఎవరు కడతారో, ఫీజు ఎక్కణ్నుంచి తెస్తారో రాసివ్వాలి. పదో తరగతి అయిన వెంటనే ఐటీఐకి వెళ్తే, అప్పటికింకా అమ్మానాన్నల ఇంట్లోనే ఉంటారు కాబట్టి, ఆ అద్దె కాలమ్ ఖాళీ అని ఎవరో ఒకరు కనిపెడతారు.