కళింగపట్నంలో పండుగప్ప వేటకెళ్తే రాత్రి బస ఎక్కడ?

వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర పండుగప్పకు గాలం వేయాలంటే తెల్లారేసరికి అక్కడుండాలి. శ్రీకాకుళంలో లాడ్జి తీసుకుంటే మంచం, ఫ్యాను ఉంటాయి గానీ చీకటితోనే లేచి బండెక్కాలి. మత్స్యకారుల పల్లెలో తెలిసినవాళ్ల అరుగు దొరికితే అంతకు మించింది లేదు. పోటు ఎప్పుడో, లోతు ఎక్కడో వాళ్లే చెబుతారు. తిండి ఖర్చు ముందే చేతిలో పెట్టండి, మొహమాటానికి వాళ్లు అడగరు.

ఈ రెండూ కుదరకపోతేనే టెంటు. మామూలు మేకులు ఇసుకలో నిలవవు, గాలి ఊపుకి మెల్లగా పైకి లేచొస్తాయి. 4 ఖాళీ సిమెంటు సంచుల్లో తలా 6 కిలోల ఇసుక నింపి, అడుగున్నర గొయ్యిలో అడ్డంగా పాతి తొక్కండి. తాడు సంచి నడుముకే కట్టాలి. మూతికి కడితే సంచి నిలువుగా తిరిగి జారి వచ్చేస్తుంది.

పోటు వదిలిన చెత్తగీతకు బాగా ఎగువన వేయండి. అమావాస్య, పున్నమికి నీరు ఇంకా పైకెక్కుతుంది. నది మధ్య ఇసుకదిబ్బ ఎంత చల్లగా ఉన్నా వద్దు. ఎగువన గొట్టా బ్యారేజీ గేట్లెత్తితే చీకట్లో నీరు పెరిగింది తెలీదు. సరుగుడు తోటలో పడుకోవచ్చు, పొయ్యి మాత్రం బయటే. ఆ ఎండుటాకు ఇట్టే అంటుకుంటుంది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి, సముద్రం వైపు లైటు వేయకండి.

తాగునీరు మనిషికి రోజుకు 5 లీటర్లు. ఐసు చేప బరువుతో సమానంగా ఉండాలి. కరిగిన నీరు ఎప్పటికప్పుడు వంచేయండి, అందులో నానితే చేప మెత్తబడిపోతుంది.