మిర్చి సీజన్ మొదలయ్యేలోపు సిగ్నళ్లు సరిచూసుకోండి

సంక్రాంతి దాటాక గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీల (బస్తాల) రాక ఊపందుకుంటుంది. మార్చి, ఏప్రిల్‌లలో సర్వర్ పది నిమిషాలు ఆగినా కాటా దగ్గర రైతులు ఎండలో నిలబడాలి. కమిషన్ కొట్లకి, కోల్డ్ స్టోరేజీలకి లినక్స్ మీద మల్టీథ్రెడ్ సర్వీసులు (ఒకే ప్రోగ్రాములో పలు పనులు థ్రెడ్లుగా పక్కపక్కనే నడిచేవి) నడిపేవాళ్లు సిగ్నళ్ల సంగతి, అంటే నడుస్తున్న ప్రోగ్రాముకి ఆగు, లాగ్ మార్చు అంటూ అందే కబుర్ల సంగతి, డిసెంబరులోనే తేల్చుకోవాలి. సీజన్ మధ్యలో కోడ్ ముట్టుకునే ధైర్యం ఎవరికీ ఉండదు.

నాకిది అనుభవమే. రెండేళ్ల కిందట మార్చిలో, ఒక కోల్డ్ స్టోరేజీలో నేను రాసిన బిల్లింగ్ సర్వీసు పొద్దున్నే బిగుసుకుపోయింది. ప్రాసెస్ బతికే ఉంది, సీపీయూ వాడకం సున్నా, ఒక్క బిల్లూ రావట్లేదు. బయట లారీలు ఆగిపోయాయి. టెన్షన్‌లోనే జీడీబీ (డీబగ్గర్) తగిలించి అన్ని థ్రెడ్ల బ్యాక్‌ట్రేస్, అంటే ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే జాబితా, తీశాను. ఒక థ్రెడ్‌లో కింద మ్యాలక్ (మెమరీ అడిగే ఫంక్షన్) ఉంది. దానిపైన నా సిగ్‌హప్ హ్యాండ్లర్ (లాగ్ మార్చమనే ఆ సిగ్నల్ రాగానే నడిచే ఫంక్షన్), దానిపైన కొత్త లాగ్ ఫైలు కోసం ఎఫ్‌ఓపెన్, అన్నిటికంటే పైన మళ్లీ మ్యాలక్, లాక్ కోసం ఎదురుచూస్తూ. ఆ లాక్ పట్టుకుని ఉన్నదీ అదే థ్రెడ్. ఇక అది వదిలేదెప్పుడు? లాగ్ మార్చే సిగ్నల్ ఏడాదిగా రోజూ వస్తూనే ఉంది. మ్యాలక్ మధ్యలో పడింది మాత్రం ఆ రోజే.

హ్యాండ్లర్‌లో మ్యాలక్, ప్రింట్‌ఎఫ్, మ్యూటెక్స్ లాక్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌కే చిక్కే తాళం) ఏవీ ఉండకూడదు. ఫైలులో రాసే రైట్ (write) లాంటి కొన్ని కాల్స్‌కే అక్కడ భద్రత ఉంది. అసలు హ్యాండ్లరే లేకుండా చేసుకోవడం ఇంకా మంచిది. హ్యాండ్లర్ ప్రాసెస్ మొత్తానికి ఒకటే, మాస్క్ (ఏ సిగ్నళ్లని బ్లాక్ చేసి ఆపి ఉంచాలో చెప్పే జాబితా) మాత్రం ఏ థ్రెడ్‌ది దానిదే. ప్రాసెస్‌కి పంపిన సిగ్నల్‌ని బ్లాక్ చేయని థ్రెడ్లలో దేనికైనా కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) అప్పగించవచ్చు. టెస్టింగ్‌లో ఎప్పుడూ మెయిన్ థ్రెడ్‌కే వచ్చిందని ధీమా పడకండి.

కాబట్టి మెయిన్ మొదట్లోనే పీథ్రెడ్ సిగ్‌మాస్క్ కాల్‌తో సిగ్‌హప్, సిగ్‌టర్మ్ (ఆగిపొమ్మనే సిగ్నల్) బ్లాక్ చేయండి. ఆ తర్వాత పుట్టే థ్రెడ్లు అదే మాస్క్‌తో పుడతాయి. ఒక్క థ్రెడ్‌ని మాత్రం సిగ్‌వెయిట్ (సిగ్నల్ కోసం ఎదురుచూసే కాల్) లూప్‌లో కూర్చోబెట్టండి. అది మామూలు కోడే, అక్కడ ఎఫ్‌ఓపెన్ నిక్షేపంగా పిలవచ్చు. కొన్ని లైబ్రరీలు ఇనిషియలైజ్ కాగానే సొంత థ్రెడ్లు పుట్టిస్తాయి. వాటికంటే ముందే బ్లాక్ చేయాలి. నేను తర్వాత బోల్తాపడింది ఇక్కడే.

సిగ్‌సెగ్వీ (తనది కాని మెమరీని ముట్టుకుంటే వచ్చేది) లాంటివి తప్పు చేసిన థ్రెడ్‌కే వస్తాయి, వాటిని బ్లాక్ చేయకండి. ప్రింటర్ కనెక్షన్ తెగితే వచ్చే సిగ్‌పైప్‌ని ఇగ్నోర్ చేయండి, లేదంటే ప్రాసెస్ మొత్తం పోతుంది. ఫోర్క్ చేసి (ప్రాసెస్‌కి నకలు తీసి) వేరే ప్రోగ్రాము నడిపేటప్పుడు, దాన్ని ఎక్కించే ఎగ్జెక్ కాల్‌కి ముందు మాస్క్ తిరిగి మామూలుగా పెట్టాలి. మరిచిపోతే ఆ ప్రోగ్రాము సిగ్‌టర్మ్‌కి ఆగదు.

మామూలు సిగ్నళ్లు క్యూలో నిలబడవు. పెండింగ్‌లో ఉండగా పది సిగ్‌హప్‌లు వచ్చినా చేతికందేది ఒక్కటే. సిగ్నళ్లు లెక్కపెట్టి లారీలు లెక్కగట్టే కోడ్ ఉంటే ఇప్పుడే తీసేయండి. ఎక్కడైనా హ్యాండ్లర్ ఉంచక తప్పకపోతే, తెగిన కాల్‌ని మళ్లీ మొదలుపెట్టే ఎస్ఏ రీస్టార్ట్ ఫ్లాగ్ పెట్టినా, డేటా కోసం ఎదురుచూసే పోల్, ఈపోల్ వెయిట్ కాల్స్ మాత్రం ఈఇంటర్ (సిగ్నల్ అడ్డుపడింది అనే) ఎర్రర్‌తో వెనక్కి వస్తాయని గుర్తుంచుకోండి. ఆ ఎర్రర్ చూసి కాటా కనెక్షన్ మూసేసే కోడ్‌ని నేను చూశాను.

ఎండాకాలం కరెంటు పోయి యూపీఎస్ సర్వర్‌ని ఆపేటప్పుడు మీ సర్వీసుకి వచ్చేది సిగ్‌టర్మే. మామూలు సెట్టింగులో సిస్టమ్‌డీ (సర్వీసుల్ని నడిపే, ఆపే ప్రోగ్రాము) 90 సెకన్లు చూసి సిగ్‌కిల్ (బలవంతంగా చంపేసే సిగ్నల్) పంపుతుంది. చేతిలో ఉన్న బిల్లులు ఆలోపే డిస్కుకి చేరాలి.

చివరగా, నడుస్తున్న సర్వీసులోనే చూసుకోండి. ప్రాక్ (/proc) ఫోల్డర్‌లో ఆ ప్రాసెస్ టాస్క్ ఫోల్డర్ కింద ప్రతి థ్రెడ్‌కీ స్టేటస్ ఫైలు ఉంటుంది. అందులో సిగ్‌బ్లాక్ వరస చివర 4001 కనిపిస్తే సిగ్‌హప్, సిగ్‌టర్మ్ రెండూ బ్లాక్ అయినట్టే. సిగ్‌వెయిట్‌లో కూర్చున్న థ్రెడ్‌కి మాత్రం ఆ బిట్లు కనిపించవు, ఎదురుచూసేంతసేపూ కెర్నెల్ వాటిని తెరిచి ఉంచుతుంది. ఇంకే థ్రెడ్‌లోనైనా సున్నాలే కనిపిస్తే అది ఏ లైబ్రరీదో పట్టుకుని, సంక్రాంతిలోపు సరిచేయండి.