నడుముకి స్టెరాయిడ్ ఇంజెక్షన్: ఒప్పుకునే ముందు, వేయించుకున్నాక

ముందు నొప్పి ఎక్కడుందో చూసుకోండి. డిస్క్ జారి నరం నొక్కుకుని, పిరుదు మీదుగా పిక్క దాకా లాగే నొప్పికి, అదీ మొదలైన తొలి వారాల్లో, ఎపిడ్యూరల్ ఇంజెక్షన్ (వెన్నులో నరాల పొర చుట్టూ ఉండే ఖాళీలోకి స్టెరాయిడ్ ఎక్కించే సూది) కొంతకాలం ఉపశమనం ఇవ్వచ్చు. నడుములోనే ఉండే నొప్పికి దాంతో ఒరిగేది తక్కువ. మూడు నెలలు దాటిన వెన్ను నొప్పికి, కాల్లోకి లాగినా సరే, ఈ ఇంజెక్షన్లు వద్దని 2025లో బ్రిటిష్ వైద్య పత్రిక బీఎంజే ప్రచురించిన మార్గదర్శకం గట్టిగానే చెప్పింది. నొప్పి వైద్యుల సంఘాలు కొన్ని దాన్ని ఒప్పుకోలేదు.

రక్తం పలచబడే మందుల దగ్గరే ఎక్కువ జాగ్రత్త కావాలి. సాధారణంగా వార్ఫరిన్ 5 రోజులు, క్లోపిడోగ్రెల్ 7 రోజులు ముందు ఆపుతారు. ఆపకపోతే వెన్నులో రక్తం చేరి నరాలు నలగచ్చు. స్టెంట్ ఉన్నవాళ్లు సొంతంగా ఆపేస్తే స్టెంటే మూసుకుపోవచ్చు. కాబట్టి గుండె డాక్టరు మాట తీసుకోకుండా ఒక్క మాత్ర కూడా మానొద్దు. జ్వరమో, సూది గుచ్చేచోట కురుపో ఉంటే వాయిదా వేయించుకోండి. షుగర్ ఉన్నవాళ్లకి ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు రీడింగులు పెరుగుతాయి, రోజూ చూసుకోవాలి.

సీ-ఆర్మ్ (సూది ఎక్కడికి వెళ్తోందో తెర మీద చూపించే ఎక్స్‌రే యంత్రం) లేకుండా చేత్తో తడిమి వేస్తామంటే లేచి వచ్చేయండి. సూది దిగాక ఎక్స్‌రేలో కనిపించే డై కొంచెం ఎక్కించి, అది నరం చుట్టూ పరుచుకుందా, రక్తనాళంలోకి పోతోందా అన్నది తెర మీద చూడాలి. మెడకైతే ఏ స్టెరాయిడో అడగండి. ట్రైయామ్సినోలోన్, మిథైల్‌ప్రెడ్నిసోలోన్‌లలో ఉండే రేణువులు ధమనిలోకి పోతే పక్షవాతం రావచ్చు. ఎపిడ్యూరల్ స్టెరాయిడ్లతో ఇలాంటి ప్రమాదాలు అరుదుగానైనా ఉన్నాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2014లో హెచ్చరించింది. నరం బయటికొచ్చే రంధ్రం గుండా మెడకి వేసేటప్పుడు రేణువులు లేని డెక్సామెథసోన్ వాడటం మేలు.

మొదటి కొన్ని గంటల హాయి స్టెరాయిడ్‌తో కలిపి ఇచ్చే మత్తుమందుది. అది దిగాక నొప్పి మళ్లీ వస్తే కంగారు పడొద్దు, స్టెరాయిడ్ పని మొదలవడానికి 2 నుంచి 7 రోజులు పట్టచ్చు. కాలు తాత్కాలికంగా తిమ్మిరెక్కచ్చు, ఆ రోజు బండి నడపొద్దు. కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గే తలనొప్పి వస్తే వెన్నుపాము పొరకి చిల్లు పడి ఉండచ్చు, డాక్టరుకి చెప్పండి. జ్వరంతో పెరిగే నడుం నొప్పి, కాలు బలహీనపడటం, మూత్రం ఆగిపోవడం, మర్మాంగాల చుట్టూ స్పర్శ తెలియకపోవడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

మూడు ఇంజెక్షన్ల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టమంటే కట్టొద్దు. మొదటిది ఏ మాత్రం పనిచేయకపోతే అదే చోట అదే మందు మళ్లీ ఎందుకో అడగండి.