ముందు ఫోర్కు స్ప్రింగులు మార్చాను: నా అనుభవం

నా బరువు, వెనక సామాను, రాళ్ల దారి. ఈ మూడూ కలిస్తే బ్రేకు పట్టగానే బైకు ముందుభాగం అడుగంటా కుంగేది. ప్రీలోడ్, అంటే స్ప్రింగును ముందే కొంత నొక్కి ఉంచడం, పెంచమని చాలామంది చెప్పారు. ప్రీలోడ్ బైకు నిలబడే ఎత్తును మారుస్తుంది గానీ స్ప్రింగు గట్టితనాన్ని మార్చదు. 200 మి.మీ. కదలిక ఉన్న ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే, లోపల స్ప్రింగులున్న జంట గొట్టాలు) నేను ఎక్కగానే 80 మి.మీ. దిగుతోంది. 50-60 ఉంటే సరి. అందుకే గట్టి స్ప్రింగులు కొన్నాను.

ఇంజిను కింద దిమ్మె పెట్టి చక్రం, బ్రేకు క్యాలిపర్ తీశాను. ఫోర్కును పట్టి ఉంచే పై క్లాంపు బోల్టు వదులు చేసి, ఫోర్కు బైకు మీద ఉండగానే దాని పై మూతను కాస్త తిప్పాలి. విడిగా తీశాక అది మొండికేస్తుంది. చివరి మరల దగ్గర మూతను అరచేత్తో అదిమి పట్టండి, లేకపోతే స్ప్రింగు దాన్ని ముఖం మీదికి ఎగరేస్తుంది.

అసలు ఓపిక కావలసింది నూనె దగ్గర. పాతది నల్లగా, చేపల కంపుతో వచ్చింది. కొత్తది పోసి, ట్యూబును పైకీ కిందికీ ఆడించి బుడగలు పోగొట్టాలి. ఆపై స్ప్రింగు లేకుండా, ఫోర్కును పూర్తిగా కుదించి, పై అంచు నుంచి నూనె మట్టం కొలవాలి. నూనె పైన మిగిలే ఈ ఖాళీ తగ్గేకొద్దీ ఫోర్కు కదలిక చివర్లో బిగుసుకుంటుంది. రెండు వైపులా కొలత ఒకటే ఉండాలి. కొత్త స్ప్రింగు పొడవు వేరు కావడంతో దాని పైన కూర్చునే గొట్టం ముక్కను, అంటే స్పేసరును, ఆ మేరకు కోశాను.

ఇరుసు పక్క బోల్టును ఆఖరున, ఫోర్కును కొన్నిసార్లు అదిమి సర్దుకోనిచ్చాకే బిగించాలి. ఇప్పుడు దిగుడు 58 మి.మీ. సామాను లేనప్పుడు ఊళ్లో గతుకులు కాస్త గట్టిగానే తగులుతున్నాయి, దానికి సిద్ధపడే కొన్నాను.