వానలు మొదలయ్యేలోపు కారు చార్జింగ్ సంగతి చూసుకోండి

రాత్రి, జోరు వాన, ట్రాఫిక్‌లో చిక్కుకున్న కారు. హెడ్‌లైట్లు, వైపర్లు, బ్లోయర్, వెనకద్దం మీది ఆవిరి పోగొట్టే డీఫాగర్ అన్నీ ఒకేసారి నడుస్తుంటాయి. హెడ్‌లైట్లే, పాత రకం బల్బులైతే, ఎనిమిది తొమ్మిది ఆంపియర్లు లాగుతాయి. ఇంజన్ ఐడిల్‌లో ఉంది కాబట్టి ఆల్టర్నేటర్ (ఇంజన్ బెల్టుతో తిరుగుతూ కరెంటు పుట్టించి బ్యాటరీని నింపే యంత్రం) నెమ్మదిగా తిరుగుతూ తక్కువ కరెంటే ఇస్తుంది. లోటంతా బ్యాటరీ భరించాలి. ఎండాకాలమంతా బయటపడని చార్జింగ్ లోపం ఇలాంటి రాత్రే బయటపడుతుంది. అందుకే కింద చెప్పే పరీక్షలు వానలకు ముందే చేసుకోమని తెలిసినవాళ్లందరికీ చెబుతుంటాను.

బండి స్టార్ట్ కాకపోతే అందరం ముందు బ్యాటరీనే అనుమానిస్తాం. నేనూ అదే చేశాను. రెండేళ్లు నిండని బ్యాటరీని తీసేసి కొత్తది వేయించాను, నెల తిరక్కుండా అదీ దిగిపోయింది. అసలు లోపం ఇంజన్‌కీ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ తీగలో ఉంది. బోల్టు విప్పి చూస్తే రింగు కింద తుప్పు పొరలా పట్టేసి ఉంది. గీకి శుభ్రం చేసి బిగించాక ఆ బ్యాటరీయే చక్కగా పనిచేసింది.

ఆల్టర్నేటర్ ఎలా పనిచేస్తుందో కొంచెం తెలిస్తే పరీక్షలు సులువుగా అర్థమవుతాయి. లోపల తిరిగే రోటర్‌లో ఒక తీగచుట్ట ఉంటుంది. దానికి బ్రష్‌ల ద్వారా కొద్దిపాటి కరెంటు వెళ్లి అది అయస్కాంతమవుతుంది. అది తిరుగుతుంటే చుట్టూ ఉన్న స్టేటర్‌లో ఏసీ కరెంటు పుడుతుంది, డయోడ్లు దాన్ని డీసీగా మారుస్తాయి. మరి ఇంజన్ స్పీడు క్షణక్షణం మారుతుంటే వోల్టేజ్ ఎందుకు మారదు? రెగ్యులేటర్ వల్ల. వోల్టేజ్ తగ్గితే రోటర్‌కు కరెంటు పెంచుతుంది, పెరిగితే కోస్తుంది. ఈ ఆన్-ఆఫ్ ఎంత వేగంగా జరుగుతుందంటే మనకు లైట్ల వెలుగులో తేడా కూడా తెలియదు.

పన్నెండు వోల్టుల బ్యాటరీకి 14 వోల్టుల చార్జింగ్ ఎందుకని చాలామంది అడుగుతారు. పల్లం నుంచి మెరకకు నీళ్లు పారవు కదా! బ్యాటరీ వోల్టేజ్ కంటే చార్జింగ్ వోల్టేజ్ ఎక్కువుంటేనే దానిలోకి కరెంటు వెళ్తుంది.

పరీక్షకు మామూలు మల్టీమీటర్ చాలు. రాత్రంతా ఆగి ఉన్న బండికి పొద్దున్నే, స్టార్ట్ చేయకముందు, బ్యాటరీ టెర్మినళ్ల మీద వోల్టేజ్ చూడండి. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2కి వచ్చిందంటే సుమారు సగమే మిగిలినట్టు. స్టార్ట్ చేశాక 13.8 నుంచి 14.7 మధ్య రావాలి. అసలు పరీక్ష ఆ తర్వాతే. హెడ్‌లైట్లు, బ్లోయర్, డీఫాగర్ అన్నీ వేసి, ఇంజన్‌ను 1500-2000 ఆర్‌పీఎం దగ్గర పట్టి మళ్లీ చూడండి. అప్పుడు కూడా 13.5కి అటూ ఇటూ నిలబడితే భయం లేదు. 13 కిందికి జారిపోతుంటే బెల్టు, తీగలు, ఆల్టర్నేటర్‌లో ఎక్కడో లోపముంది. కొన్ని కొత్త కార్లలో కంప్యూటరే చార్జింగ్‌ను కావాలని తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది, వాటిలో ఒక్క రీడింగ్ చూసి కంగారు పడకండి.

15 దాటి అక్కడే ఉండిపోతే మాత్రం బండి నడపడం ఆపండి. రెగ్యులేటర్ అదుపు తప్పిందన్నమాట. బ్యాటరీ ఉబ్బుతుంది, కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. అందులోంచి వచ్చే హైడ్రోజన్‌కు చిన్న నిప్పురవ్వ చాలు, దగ్గర సిగరెట్ కూడా వెలిగించకండి.

వోల్టేజ్ తక్కువుంటే ఆల్టర్నేటర్ మార్చే ముందు తీగలు చూడండి. ఇంజన్ నడుస్తుండగా లైట్లు, బ్లోయర్ వేసి ఉంచి, మీటరు ఒక కొస ఆల్టర్నేటర్ వెనక లావు తీగ బోల్టుకు, రెండోది బ్యాటరీ పాజిటివ్‌కు ఆనించండి. 0.2 వోల్టులు దాటితే ఆ దారిలో ఎక్కడో తుప్పో లూజు కనెక్షనో ఉన్నట్టే. ఆల్టర్నేటర్ బాడీకీ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య కూడా ఇలాగే చూడండి. నా ఎర్త్ తీగ ఇక్కడే దొరికిపోయేది. ఇంజన్ ఆపినా ఆల్టర్నేటర్ వెనక బోల్టులో కరెంటు ఉంటుంది, స్పానర్ బాడీకి తగలనివ్వకండి. చొక్కా చేతులు, చున్నీ బెల్టుకు దూరంగా ఉంచండి.

బెల్టు తడిసినప్పుడు కీచుమంటే జారుతోందని అర్థం. ఇంజన్ ఆపి, పగుళ్లు, అద్దంలా మెరిసే అరుగుదల ఉన్నాయేమో చూసి మార్పించండి.

బ్యాటరీ గుర్తున్న ఎర్రలైటు కీ తిప్పగానే వెలగాలి, ఇంజన్ అందుకోగానే ఆరాలి. దారిలో వెలిగితే ముందు టెంపరేచర్ మీటరు చూడండి. చాలా బళ్లలో ఇంజన్‌ను చల్లబరిచే వాటర్ పంపునూ ఆల్టర్నేటర్‌ను తిప్పే బెల్టే తిప్పుతుంది. వేడెక్కుతుంటే వెంటనే పక్కకు తీసి ఆపేయాలి. వేడి లేకపోతే బ్లోయర్, డీఫాగర్ ఆపి, హెడ్‌లైట్లు మాత్రం ఉంచి, సురక్షితమైన చోటు చేరేదాకా ఇంజన్ ఆపకండి. ఆపితే మళ్లీ సెల్ఫ్ తీసుకోకపోవచ్చు.

ఆల్టర్నేటర్ బాగుందో లేదో చూడ్డానికి ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకే అలవాటు ఇంకా కొందరికి ఉంది. దయచేసి ఎవరినీ చేయనివ్వకండి. ఆ క్షణంలో వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిసి డయోడ్లనూ ఈసీయూనూ (ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్) కాల్చేయగలదు.

పూర్తిగా దిగిపోయిన బ్యాటరీని బండి నడిపి నింపాలని చూడటం కూడా మంచిది కాదు. ఆల్టర్నేటర్ చాలాసేపు గరిష్ఠ కరెంటు ఇస్తూ వేడెక్కిపోతుంది. ముందురోజు రాత్రే చార్జర్ పెట్టి, పొద్దున మీటరు 12.6 చూపించాక బయల్దేరండి.