అన్నవాహికకు చిల్లు పడితే: అనుమానం నుంచి ఆపరేషన్ దాకా

అన్నవాహికకు చిల్లు పడిన రోగి చాలాసార్లు గుండెపోటనో, గ్యాస్ నొప్పనో, పాంక్రియాటైటిస్ (క్లోమగ్రంథి వాపు) అనో పేరు రాయించుకుని వార్డులో చేరతాడు. డ్యూటీ డాక్టరు మొదట అడగాల్సింది ఒక్కటే: వాంతి ముందా, నొప్పి ముందా? గట్టిగా వాంతి అయ్యాక ఛాతీలో చీల్చినట్టు నొప్పి మొదలైతే, ఇ.సి.జి. మామూలుగా ఉన్నా ఇంటికి పంపకండి. ఇలా చెప్పే రోగికి రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ ఎక్కించాలనుకుంటే ముందు ఛాతీ ఎక్స్‌రే చూడండి.

1724లో డచ్చి వైద్యుడు బూర్హావె వర్ణించిన ఈ వాంతి చీలిక ఎక్కువగా ఎడమ పక్క వెనకవైపు, జఠరానికి 2–3 సెం.మీ. పైన పడుతుంది. అందుకే నీరు, గాలి ఎడమ ఊపిరితిత్తి చుట్టూ చేరతాయి. కానీ ఇప్పుడు ఎక్కువ చిల్లులు మన చేతుల మీదుగా పడేవే: ఎండోస్కోపీలో, సన్నబడ్డ చోటును వెడల్పు చేసేటప్పుడు, అకలేసియాకు (అన్నవాహిక కింది కండరం సడలని జబ్బు) బెలూన్ వాడినప్పుడు. ఆ తర్వాత నొప్పి, జ్వరం, వేగంగా కొట్టుకునే నాడి, వీటిలో ఏది కనిపించినా చిల్లు లేదని తేలేదాకా ఉన్నట్టే. చేపముల్లు, మటన్ ఎముక, కట్టుడు పళ్లు కూడా గుచ్చుకుంటాయి. ముల్లు దిగాలని అన్నం ముద్దో అరటిపండో మింగించడం మన ఇళ్లలో అలవాటు. గుచ్చుకున్న ముల్లును అది మరింత లోపలికి నెట్టగలదు.

మెడ మీద వేళ్లతో నొక్కి చూడండి. చర్మం కింద మరమరాలు నలిగినట్టుంటే గాలి బయటికొచ్చినట్టే. లేకపోతే చిల్లు లేదని కాదు. మొదటి గంటల్లో ఎక్స్‌రే కూడా మామూలుగా ఉండొచ్చు. నీటిలో కరిగే కాంట్రాస్ట్ (స్కాన్‌లో కనిపించే ద్రవం) తాగించి తీసే సి.టి. మీదే ఆధారపడాలి. బేరియంతో మొదలుపెట్టొద్దు, బయటికి కారితే మెడియాస్టైనమ్‌లో (రెండు ఊపిరితిత్తుల మధ్య చోటు) వాపు పుట్టిస్తుంది. నీటిలో కరిగే వాటిలో గ్యాస్ట్రోగ్రఫిన్ ఊపిరితిత్తుల్లోకి పోతే అక్కడ నీరు పడుతుంది కాబట్టి పొలమారే రోగికి అయోహెక్సాల్ అనే మరో కాంట్రాస్ట్ మేలు. కాంట్రాస్ట్ కారలేదని తేలినా అనుమానం మిగిలితే అప్పుడు పలచని బేరియం.

సి.టి. కోసం ఎదురుచూస్తూ ఊరుకోవద్దు. నోటికి చుక్క నీళ్లు కూడా ఇవ్వకండి. రెండు పెద్ద క్యాన్యులాలు, సెలైన్, యాంటీబయాటిక్‌గా పైపరాసిలిన్–టాజోబాక్టమ్ 4.5 గ్రా., ఆమ్లం తగ్గించే పాంటాప్రజోల్ 40 మి.గ్రా. రక్తనాళం ద్వారా. రోగనిరోధక శక్తి తగ్గినవారికి ఫంగస్ మందు కూడా. ప్లూరాలో (ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొరల సందు) నీరుంటే 28–32 సైజు ట్యూబ్ వేయండి; అందులో మెతుకులు కనిపించినా, ఎమైలేజ్ (ఉమ్మిలో ఉండే ఎంజైమ్) బాగా పెరిగినా రోగం దాదాపు తేలినట్టే. ముక్కులోంచి కడుపులోకి వేసే రైల్స్ ట్యూబ్‌ను గుడ్డిగా దించొద్దు, చిల్లులోంచి బయటికి పోతుంది. సర్జన్‌కు అప్పుడే ఫోన్ చేయండి. అన్నవాహికకు బయటి పొర సెరోసా లేదు. ప్రతి శ్వాసకూ ఛాతీ ఉమ్మిని, ఆమ్లాన్ని మెడియాస్టైనమ్‌లోకి లాగుతుంది. 24 గంటలు దాటితే అంచులు కుళ్లి కుట్లు నిలవడం కష్టం.

కింది చీలికకు ఎడమ థొరాకాటమీ (ఛాతీ తెరవడం), 7 లేదా 8వ పక్కటెముకల సందు, మధ్యభాగానికి కుడివైపు. కుట్టు విప్పుకుపోవడానికి ఓ ముఖ్య కారణం, లోపలి పొర చీలిక కండర చీలిక కన్నా పొడవుగా ఉండటం. కండరాన్ని పైకీ కిందికీ కోసి లోపలి చీలిక రెండు చివరలూ కళ్లారా చూడండి. చచ్చిన కణజాలం తీసి, పొరలు వేర్వేరుగా 3-0 కరిగే దారంతో కుట్టి, పైన పక్కటెముకల మధ్య కండరాన్ని కప్పండి. కింద అడ్డు ఉంటే, అకలేసియా అయినా క్యాన్సర్ అయినా, దాన్నీ అదే ఆపరేషన్‌లో చూసుకోవాలి; లేకుంటే కుట్టు నిలవదు. తిండికి నేరుగా చిన్నపేగులోకి వెళ్లే జెజునాస్టమీ ట్యూబ్ పెట్టేయండి.

ఎండోస్కోపీలోనే కనిపించిన చిన్న చిల్లు, 1 సెం.మీ. లోపుదైతే, క్లిప్‌తో మూయొచ్చు. పూర్తిగా కప్పిన స్టెంట్ (చిల్లును లోపలినుంచి మూసే గొట్టం) మంచిదే కానీ జారిపోతుంది. ఎక్స్‌రేలతో గమనిస్తూ 4–6 వారాల్లో తీసేయాలి. స్టెంట్ వేసినా బయట చేరిన చీముకు డ్రెయిన్ తప్పదు. ఆపరేషన్ లేకుండా ఆగడం కొందరికే: కారింది మెడియాస్టైనమ్‌లోనే కట్టుబడి తిరిగి అన్నవాహికలోకే దిగాలి, జ్వరం, సెప్సిస్ (ఒళ్లంతా దెబ్బతీసే ఇన్ఫెక్షన్), కింద అడ్డు ఉండకూడదు. నాడి పెరిగితే ఆ నిర్ణయం మార్చుకోవాల్సిందే.

సుమారు 7వ రోజు మళ్లీ కాంట్రాస్ట్ తాగించండి. కారకపోతే నీళ్లు, తర్వాత పలచని జావ. ఛాతీ ట్యూబ్ మాత్రం జావ మొదలెట్టాక ఒకటి రెండు రోజులు అందులో ఏం వస్తోందో చూశాకే తీయండి.